అక్క వాళ్ళింట్లో మంచు క్రిస్మస్: నాయనమ్మ కుంపటి ఎందుకు వద్దన్నాం?

దేవరయాంజాల్ నుంచి మాట్లాడుతున్నా. పొద్దున ఆరింటికి బైక్ తీస్తే వేళ్ళు కొంకర్లు పోయే చలి మొదలైంది. క్రిస్మస్ చేసుకునే ఇళ్ళ మీద స్టార్లు వేలాడుతున్నాయి. ఇదే సీజన్‌లో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తే ఇంకో సీన్ కనిపిస్తుంది. పెద్ద పెద్ద సూట్‌కేసులు, వాటిలో పచ్చళ్ళు, పిండివంటలు, కొత్తగా కొన్న స్వెటర్లు. అమ్మానాన్నలు అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి బయల్దేరుతుంటారు.

2022లో మా అమ్మా నాన్నా కూడా అలాగే వెళ్ళారు. అక్క, బావ, ఇద్దరు పిల్లలు న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో ఊరి శివారులో ఉంటారు. ఇంట్లో నేను, నాయనమ్మ మిగిలాం. ఆ క్రిస్మస్‌కి బఫెలోలో వచ్చిన మంచు తుఫానులో ఆ ఒక్క కౌంటీలోనే 40 మందికి పైగా చనిపోయారు. మా వాళ్ళు క్షేమంగా బయటపడ్డారు. ఎలా బయటపడ్డారు, దాని వెనక సైన్స్ ఏంటి అన్నదే ఈ ఎపిసోడ్.

ముందే ఒక మాట చెప్తా, చివరిదాకా అదే పట్టుకుని వెళ్దాం. మన ఇంట్లో మంచి అలవాట్లు కొన్ని ఉంటాయి. చలికి కుంపటి పెట్టుకోవడం, పండక్కి వాకిలి శుభ్రం చేయడం, ఎట్లాగైనా చర్చికి వెళ్ళడం, పిల్లల్ని సరదాగా బయట తిప్పడం, దూరంగా ఉన్నవాళ్ళకి గంటకోసారి వీడియో కాల్ చేయడం. ఇవన్నీ ప్రేమతో చేసేవే. మంచు తుఫానులో మాత్రం వీటిలో ఒక్కొక్కటీ ప్రాణం మీదకు తేగలదు. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

మంచు అంటే ఏ మంచు?

మన భాషలో ఒక చిక్కు ఉంది. తెల్లారి గడ్డి మీద మెరిసే చుక్కని మంచు అంటాం. మేడ్చల్ హైవే మీద ముందున్న లారీ కనబడకపోతే మంచు పట్టింది అంటాం. హిమాలయాల్లో ఆకాశం నుంచి రాలేదీ మంచే. చెరువు మీద పలకలా గడ్డకట్టేదీ మంచే. ఒక్క మాటలో నాలుగు వేర్వేరు విషయాలు ఇరుక్కున్నాయి.

అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగి వీడియోలు మీరు చూసే ఉంటారు. థంబ్‌నెయిల్ మీద "స్నో ఫాల్" అని ఉంటుంది. అక్కడ చలి నిజంగానే సున్నా దగ్గరకు వెళ్తుంది. కానీ మనకి కనబడేది పొగమంచు, లేదంటే గడ్డి మీద గడ్డకట్టిన మంచుబిందువులు. ఆకాశం నుంచి రాలి, గుట్టలుగా పడి, తలుపులకి అడ్డం నిలిచే మంచు వేరు. అది మన తెలుగు నేల మీద ఎవరికీ అనుభవంలో లేని సంగతి. హైదరాబాద్ వాళ్ళకైతే మంచు అంటే స్నో వరల్డ్. జాకెట్ ఇస్తారు, గంటలో బయటికొచ్చి వేడి వేడి ఛాయ్ తాగుతాం. అందుకే "అమెరికాలో మంచు పడుతోంది" అని వినగానే మన బుర్రలో మొదట వచ్చేది ఫొటో. భయం తర్వాత వస్తుంది, కొన్నిసార్లు ఆలస్యంగా వస్తుంది.

ఇంతకీ ఆ క్రిస్మస్‌కి ఏం జరిగింది?

డిసెంబర్‌లో తెల్లవారుజామున శామీర్‌పేట చెరువు దగ్గరికి వెళ్ళినవాళ్ళు చూసి ఉంటారు, నీళ్ళ మీద నుంచి సన్నగా ఆవిరి లేస్తుంటుంది. నీళ్ళు గోరువెచ్చగా ఉండి, పైన గాలి చల్లగా ఉంటే అలా అవుతుంది. ఇప్పుడు ఆ చెరువుని తెలంగాణలో దాదాపు పావు వంతు అంత పెద్దది చేసి ఊహించండి. అది ఈరీ సరస్సు. బఫెలో ఊరు దాని తూర్పు కొసన ఉంటుంది.

2022 డిసెంబర్‌లో క్రిస్మస్‌కి ముందు ఆర్కిటిక్ వైపు నుంచి భయంకరమైన చల్లగాలి కిందకి దిగింది. సరస్సు ఇంకా గడ్డకట్టలేదు. ఆ చల్లగాలి సరస్సు పొడవునా వీచుకుంటూ, కింద నుంచి వేడిని, తేమని తాగుతూ వచ్చింది. ఆ తేమంతా మంచుగా మారి, ఒడ్డున ఉన్న బఫెలో మీద సన్నటి పట్టీలా కురుస్తూనే ఉంది. దీన్ని "లేక్ ఎఫెక్ట్ స్నో" అంటారు. సరస్సు గడ్డకట్టి ఉంటే ఇంత తేమ అందేది కాదు.

దీనికి గాలి తోడైంది. గాలి గంటకి 35 మైళ్ళు, అంటే 56 కిలోమీటర్లు దాటి, పావు మైలు అవతల ఏముందో కనబడని పరిస్థితి వరసగా మూడు గంటలు ఉంటే అమెరికాలో దాన్ని బ్లిజార్డ్ అంటారు. బఫెలోలో అది 37 గంటలు నడిచింది. విమానాశ్రయం దగ్గర మొత్తం 51.9 అంగుళాల మంచు పడింది, దాదాపు 132 సెంటీమీటర్లు. మూడో తరగతి పిల్లాడు నిలబడితే తలదాకా వస్తుంది. డిసెంబర్ 23 శుక్రవారం పొద్దున్నే వాన చినుకులు పడేంత వాతావరణం ఉంది. కొన్ని గంటల్లోనే ఉష్ణోగ్రత సున్నాకి చాలా కిందకి పడిపోయింది. గాలిని కూడా లెక్కేస్తే ఒంటికి తగిలే చలి మైనస్ ఇరవై సెల్సియస్‌కి అటూ ఇటూ.

వాళ్ళకీ మనకీ ఆ సీజన్‌లో పదిన్నర గంటల తేడా. వాళ్ళకి శుక్రవారం సాయంత్రం ఆరు, మనకి శనివారం తెల్లవారి నాలుగున్నర. అప్పుడే అక్క దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది: "కరెంట్ పోయింది."

ఒకటో అలవాటు: కుంపటి

అక్క వాళ్ళ ఇంటిని వెచ్చగా ఉంచేది ఫర్నేస్. అది గ్యాస్‌తో మండుతుంది. మరి కరెంట్ పోతే నష్టమేంటి అని మీకు డౌట్ రావచ్చు. గ్యాస్ మండినా ఆ వేడిగాలిని గదుల్లోకి తోసే ఫ్యాన్ కరెంట్‌దే. దాన్ని నడిపించే సర్క్యూట్ కూడా కరెంట్‌దే. కరెంట్ లేకపోతే గ్యాస్ ఉండీ లేనట్టే.

నాయనమ్మకి విషయం చెప్పా. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "గింత సలికి ఊకె కూసుంటరా బిడ్డా? ఇనుప బకెట్ల ఇన్ని బొగ్గులేసి కుంపటి జేస్కోమను. పోరగాండ్లు ఎచ్చగ పంటరు." అక్క వాళ్ళ గ్యారేజీలో బార్బెక్యూ గ్రిల్ ఉంది, దానికి బొగ్గుల బస్తా కూడా ఉంది. అంటే నాయనమ్మ చెప్పింది చేయడానికి అన్నీ రెడీగా ఉన్నాయి.

అక్క వద్దంది. నాయనమ్మకి కోపమొచ్చింది. "మేం కుంపటి పక్కకు పండుకునే పెరిగినం. సచ్చినమా?"

నాయనమ్మ అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు ఇల్లు కట్టిన తీరులో ఉంది. నాయనమ్మ పెరిగింది పెంకుటింట్లో. పెంకుల సందుల్లోంచి పొగ బయటికి పోతుంది, తలుపు కింద నుంచి గాలి లోపలికి వస్తుంది. ఆ ఇల్లు ఊపిరి పీల్చేది. అక్క వాళ్ళిల్లు చలి చొరబడకుండా కట్టింది. గోడల్లో దూది లాంటి ఇన్సులేషన్, కిటికీలకి రెండు పొరల అద్దాలు, తలుపుల అంచులకి రబ్బరు. అంత బిగుతుగా ఉన్న డబ్బాలో బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ బయటికి పోయే దారి ఉండదు.

ఈ గ్యాస్‌కి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్‌ని మోసేది హిమోగ్లోబిన్. దానికి ఆక్సిజన్ కంటే కార్బన్ మోనాక్సైడ్ రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. అంటే ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి ఆక్సిజన్ మాత్రం అందదు. మొదట తలనొప్పి, తర్వాత వికారం, తల తిరగడం, ఆ తర్వాత మత్తుగా నిద్ర. ఆ నిద్రలోనే ప్రమాదమంతా. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వస్తే జలుబు అనుకోకండి, వెంటనే బయటి గాలిలోకి వెళ్ళి 911కి ఫోన్ చేయాలి.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో ఇలాగే కరెంట్ పోయింది. డాలస్, హ్యూస్టన్‌లలో మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. ఆ తుఫాను వల్ల 246 మంది చనిపోయారని ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్క తేల్చింది. వెచ్చదనం కోసం గ్రిల్ లోపలికి తెచ్చుకున్నవాళ్ళు, గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి కూర్చున్నవాళ్ళు, జనరేటర్ ఇంటికి దగ్గరగా పెట్టుకున్నవాళ్ళు వందల సంఖ్యలో ఆస్పత్రుల పాలయ్యారు. జనరేటర్ ఉంటే ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, బయట పెట్టాలి. ఇంటి పక్కగోడ మీద ఫర్నేస్ పొగగొట్టం ఉంటే దానికి మంచు అడ్డుపడిందేమో చూస్తుండాలి.

మరి కుంపటి లేకుండా వాళ్ళు ఏం చేశారు? ఆరుగురూ ఒకే చిన్న గదిలోకి చేరారు. తలుపు కింద సందుకి తువ్వాళ్ళు కుక్కారు, కిటికీలకి దుప్పట్లు కట్టారు. పిల్లల్ని మధ్యలో పడుకోబెట్టి, అందరూ టోపీలు, పొడి సాక్సులు వేసుకున్నారు. అమ్మ సూట్‌కేస్‌లో తీసుకెళ్ళిన అరిసెలు, గర్జెలు అప్పుడు పనికొచ్చాయి. బెల్లం, నెయ్యి, నూనె కదా, చలిలో ఒంటికి కావలసిన ఇంధనం అదే. పైపుల్లో నీళ్ళు గడ్డకట్టకుండా కుళాయిలని సన్నటి ధారగా వదిలారు. నీళ్ళు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా వ్యాకోచిస్తాయి, పైపు పగిలిపోతుంది.

కరెంట్ వచ్చింది మర్నాడు రాత్రి ఎనిమిదింటికి. మొత్తం 26 గంటలు. అప్పటికి గదిలో ఉష్ణోగ్రత తొమ్మిది డిగ్రీలు. ఆ అంకె చెప్తే నాయనమ్మ "గంతేనా" అంది. నిజమే, చలి ముదిరిన రోజున మన ఊళ్ళో తెల్లవారుజామున దాదాపు అంతే ఉంటుంది. లెక్క అక్కడే ఉంది ఫ్రెండ్స్. తొమ్మిది డిగ్రీల చలిని దుప్పట్లతో తట్టుకోవచ్చు. మూసిన గదిలో బొగ్గు పొగని దేనితోనూ తట్టుకోలేం.

రెండో అలవాటు: ఎట్లాగైనా చర్చికి వెళ్ళాలి

డిసెంబర్ 24 రాత్రి ప్రార్థనకి వెళ్ళకపోవడం మా నాన్న జీవితంలో ఎప్పుడూ జరగలేదు. వానొచ్చినా, జ్వరమొచ్చినా వెళ్తాడు. అక్క వాళ్ళ చర్చి పది నిమిషాల డ్రైవ్. కానీ శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకే అక్కడి కౌంటీ అధికారులు డ్రైవింగ్ నిషేధం పెట్టారు. అంబులెన్సులు, ఫైరింజన్లు కూడా మంచులో ఇరుక్కుపోయాయి. పది నిమిషాల దూరం అనే మాటకి ఆ రోజు అర్థమే లేదు. ఎదురుగా ఉన్న సొంత కారు బానెట్ కూడా కనబడని తెల్లదనం అది.

కారు మంచులో ఇరుక్కుంటే ఏం చేయాలో ఇప్పుడే గుర్తు పెట్టుకోండి. కారు దిగి నడవొద్దు. ఆ తెల్లదనంలో పది అడుగులు వేస్తే మళ్ళీ కారు దొరక్కపోవచ్చు. ఇంజన్ గంటకి ఓ పది నిమిషాలు మాత్రం నడపాలి. స్టార్ట్ చేసే ముందు ప్రతిసారీ సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయాలి. లేకపోతే అదే కార్బన్ మోనాక్సైడ్ కారు లోపలికి వస్తుంది. గాలి తగలని వైపు అద్దం కొంచెం దించి ఉంచాలి. బయట యాంటెనాకో, డోర్‌కో రంగు గుడ్డ కట్టాలి.

చర్చి వాళ్ళు ఆ రాత్రి ప్రార్థన రద్దు చేశారు. మా వాళ్ళు ఆ చిన్న గదిలోనే టార్చి లైటులో ప్రార్థన చేసుకున్నారు. నాన్న వెంట తెచ్చుకున్న అచ్చు బైబిల్ తీసి చదివాడట. ఫోన్‌లో చదవలేదు. ఎందుకో తర్వాత చెప్తా.

మూడో అలవాటు: పండక్కి వాకిలి ఊడ్వడం

ఆదివారం క్రిస్మస్. కరెంట్ ఉంది, గాలి కొంచెం తగ్గింది. తలుపు తీస్తే నడుము ఎత్తు మంచు. నాన్న పార పట్టుకున్నాడు. "వాకిట్ల గింత పెట్టుకొని పండుగెట్ల జేస్తం?" నాన్నకి అరవై దాటాయి, బీపీ మాత్రలు వేసుకుంటాడు. ఊళ్ళో మాత్రం ఇప్పటికీ పొలం గట్లు చెక్కుతాడు.

బావ పార తీసేసుకున్నాడు. "మామయ్యా, మీరు లోపలుండండి" అన్నాడు. మామగారి చేతిలోంచి పార లాక్కోవడం మన ఇళ్ళలో చిన్న విషయం కాదు. నాన్న కాసేపు ముఖం ముడుచుకున్నాడని అమ్మ చెప్పింది.

కానీ సైన్స్ బావ వైపే ఉంది. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది. అదే టైమ్‌లో చేతులతో బరువు ఎత్తి విసరడం వల్ల గుండె మీద ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. బరువు ఎత్తేటప్పుడు మనకి తెలియకుండానే ఊపిరి బిగబడతాం, దాంతో ఇంకా పెరుగుతుంది. తడిమంచు ఒక పార నిండా తీస్తే ఐదు కిలోల బియ్యం బ్యాగు ఎత్తినట్టే, అలా వందల సార్లు ఎత్తాలి. బఫెలో మృతుల్లో మంచు తీస్తూ గుండె ఆగిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. పైగా రోడ్లు మూసుకుపోయినప్పుడు అంబులెన్స్ రాదు. సాయం అందడం ఆలస్యమై పోయిన ప్రాణాలూ ఆ లెక్కలో ఉన్నాయి.

పొలం పని చేసే ఒళ్ళే కదా అనుకోవద్దు. మన ఎండకి అలవాటైన ఒళ్ళు, ఆ చలిలో మొదటిసారి అంత పని చేస్తోంది. గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు ఆ పార ముట్టుకోకూడదు. తీసేవాళ్ళు కూడా కొంచెం కొంచెంగా తీయాలి, వీలైతే ఎత్తకుండా పక్కకి నెట్టాలి. ఛాతీలో బరువుగా అనిపిస్తే అక్కడికక్కడే ఆపేయాలి.

ఆ రోజు పండగ భోజనం బగార అన్నం, కోడిగుడ్ల కూర. మటన్ తెచ్చే దారి లేదు.

నాలుగో అలవాటు: పిల్లలకి సరదాగా చూపిద్దాం

26న పిల్లలు ఒకటే గోల. ఇళ్ళ వెనకాల ఒక నీటి గుంట ఉంది, అది గడ్డకట్టింది, దాని మీద నడుద్దామని. ఫొటో కోసం పెద్దవాళ్ళకీ ఆశే.

సరిగ్గా అదే డిసెంబర్ 26న, దేశానికి అటు చివర ఆరిజోనాలో ఒక ఘోరం జరిగింది. ఫీనిక్స్ దగ్గర ఎడారి ప్రాంతంలో ఉండే మన ఆంధ్ర కుటుంబాలు సెలవులకి మంచు చూద్దామని కొండల్లో ఉన్న వుడ్స్ కాన్యన్ లేక్‌కి వెళ్ళాయి. గడ్డకట్టిన సరస్సు మీదకి వెళ్ళినప్పుడు మంచు పగిలి ముగ్గురు పెద్దవాళ్ళు నీళ్ళలో పడిపోయారు. ఒకరిని బయటకి తీసినా బతికించలేకపోయారు. మిగతా ఇద్దరూ మర్నాడు శవాలుగా దొరికారు. ఆ వార్త మన టీవీల్లో కూడా వచ్చింది. వాళ్ళని తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. గడ్డకట్టిన చెరువు అనేదే లేని ఊళ్ళ నుంచి వెళ్ళిన మనలో ఎవరికైనా జరగొచ్చు కాబట్టి చెప్తున్నా.

నీళ్ళు గడ్డకట్టాక తేలికై పైకి తేలతాయి. అందుకే సరస్సు పైనుంచి గడ్డకడుతుంది, కింద నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. పైన పలక అన్నిచోట్లా ఒకే మందం ఉండదు. నీళ్ళు పారే చోట, వాగు కలిసే చోట, రెల్లు మొక్కల దగ్గర పలచగా ఉంటుంది. మీద పడిన మంచు దుప్పటిలా కప్పి, కింద పలక మందంగా పెరగకుండా ఆపుతుంది. అమెరికాలో మంచు రాష్ట్రాల వాళ్ళు పాటించే లెక్క ఏంటంటే, స్పష్టంగా కనబడే గట్టి మంచు కనీసం నాలుగు అంగుళాల మందం ఉంటేనే మనిషి నడవాలి. తెల్లగా, మబ్బుగా ఉండే మంచుకి బలం దాదాపు సగమే. అది కొలవడానికి పరికరాలు, అనుభవం కావాలి. కళ్ళతో చూసి చెప్పలేం. మన రూల్ ఒకటే పెట్టుకుందాం: కొలిచినవాళ్ళు చెప్తే తప్ప అడుగు పెట్టొద్దు.

ఒకవేళ పడితే? దీనికి "ఒకటి, పది, ఒకటి" అని గుర్తు పెట్టుకోండి. మొదటి ఒక్క నిమిషం ఊపిరి అదుపు తప్పి ఎగపోస్తుంది. కంగారు పడకుండా ముందు ఊపిరి నిలబెట్టుకోవాలి. తర్వాత పది నిమిషాలే చేతులూ కాళ్ళూ మాట వింటాయి. వచ్చిన వైపే తిరిగి, కాళ్ళు ఈదుతున్నట్టు కొడుతూ, పొట్ట మీద మంచు పైకి జారి, లేచి నిలబడకుండా దొర్లుతూ ఒడ్డుకి రావాలి. స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట పడుతుంది. చూస్తున్నవాళ్ళు మీదకి పరిగెత్తకూడదు. ఒడ్డు నుంచే తాడో, కర్రో, చున్నీయో విసరాలి, 911కి ఫోన్ చేయాలి. కాపాడటానికి వెళ్ళినవాళ్ళూ పడిపోవడం చాలాసార్లు జరుగుతుంది.

ఐదో అలవాటు: గంటకోసారి వీడియో కాల్

ఇది ఇక్కడ ఉన్న మన కోసం. కరెంట్ పోయిన ఇంట్లో ఫోన్ అంటే లైటు, వార్తలు, 911, అన్నీ. చలికి లిథియం బ్యాటరీ లోపల అయాన్ల కదలిక మందగిస్తుంది, ముప్పై శాతం చూపించే ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. అలాంటప్పుడు ఇక్కడి నుంచి పిన్ని, మేనమామ, పక్కింటి ఆంటీ అందరూ వీడియో కాల్ చేసి "మంచు చూపించు" అంటే ఆ బ్యాటరీ తాగేది మనమే.

అక్కా నేనూ ఒక పద్ధతి పెట్టుకున్నాం. అక్కడ ఒక్క ఫోనే ఆన్‌లో ఉంటుంది, మిగతావి ఆఫ్. ఆరు గంటలకోసారి ఒకే మాట, "అందరం బాగున్నాం." వీడియో లేదు, ఫొటో లేదు. నేను ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టా: "అక్కకి ఎవరూ ఫోన్ చేయొద్దు. కబురు నాకు వస్తది, నేనే చెప్తా." నాన్న ఫోన్‌లో కాకుండా అచ్చు బైబిల్‌లో చదవడానికి కారణం ఇదే. ఆరు గంటల మధ్యలో నాయనమ్మ పడుకోలేదు. గోడ గడియారం చూస్తూ కూర్చుంది. కష్టమే, కానీ ఆ బ్యాటరీ కరెంట్ వచ్చేదాకా నిలిచింది.

ఫోన్‌ని లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి. గడ్డకట్టేంత చలిలో చార్జింగ్ పెట్టకూడదు, బ్యాటరీ దెబ్బతింటుంది. తుఫాను హెచ్చరిక రాగానే పవర్ బ్యాంకులు ఫుల్ చేసి పెట్టుకోవాలి.

తలుపు తీసినవాళ్ళు

ఆ తుఫానులో బతికించిన అలవాటు ఒకటుంది, అది కూడా చెప్పాలి. బఫెలో పక్కనే విలియమ్స్‌విల్‌లో దక్షిణ కొరియా టూరిస్టుల వ్యాన్ ఒకటి మంచులో ఇరుక్కుంది. పార ఉంటే ఇస్తారా అని దగ్గర్లో ఉన్న ఇంటి తలుపు తట్టారు. ఆ ఇంట్లో భార్యాభర్తలు పార ఇచ్చి పంపకుండా, డ్రైవర్‌తో కలిపి పది మందినీ లోపలికి పిలిచారు. పండగ దాకా అందరూ అక్కడే ఉన్నారు, కొరియా వంటలు వండుకుని తిన్నారు. చీక్టవాగా అనే చోట తుఫానులో చిక్కుకున్న ఒక మనిషి స్కూల్ కిటికీ పగలగొట్టి, రోడ్డు మీద ఇరుక్కున్న ఇరవై మందికి పైగా జనాన్ని లోపల దాచాడు. పోయేటప్పుడు క్షమించమని చీటీ రాసిపెట్టాడు. అక్కడి పోలీసులే అతనికి కృతజ్ఞతలు చెప్పారు.

మా బావ కూడా కరెంట్ రాగానే పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ తలుపు తట్టి వచ్చాడు. హీటర్ లేని ఇంట్లో చలికి చనిపోయినవాళ్ళు ఆ మృతుల్లో ఉన్నారు. తలుపు తట్టడం అక్కడ మొహమాటపడే పని కాదు.

మనకెందుకు ఇదంతా?

మా ఇంటి నుంచి ఎవరూ అమెరికా వెళ్ళలేదు అంటారా? అయినా కార్బన్ మోనాక్సైడ్ మన దగ్గరా ఉంది. కిటికీ లేని బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ పెట్టుకుని ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు మన దేశంలో ప్రతి చలికాలం వస్తాయి. మా దేవరయాంజాల్ చుట్టూ గోడౌన్లు ఎక్కువ. రాత్రి కాపలా ఉండేవాళ్ళు రేకుల గదిలో తలుపు మూసి, బొగ్గుల బకెట్ పెట్టుకుని పడుకోవడం మామూలే. ఇప్పుడు మన ఇళ్ళూ పెంకుటిళ్ళు కావు, స్లాబు, అల్యూమినియం కిటికీలు. నాయనమ్మ కుంపటి ఇక్కడి గదుల్లో కూడా పాత కుంపటి కాదు. మంట కావాలంటే ఆరుబయట వేసుకోవాలి, పడుకునే ముందు నీళ్ళు పోసి ఆర్పాలి.

అమ్మానాన్నల్ని పంపుతున్నవాళ్ళు ఈ ఐదూ స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి, బొగ్గు, గ్రిల్, జనరేటర్ ఎప్పుడూ ఇంటి బయటే. కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో వెళ్ళిన రోజే నొక్కి చూడాలి.

రెండు, డ్రైవింగ్ వద్దన్నారంటే చర్చికైనా, షాపుకైనా వద్దు.

మూడు, పెద్దవాళ్ళు పార పట్టొద్దు. బీపీ, షుగర్ మాత్రలు కనీసం పది రోజులకి ఎక్కువగా చేతిలో ఉండాలి.

నాలుగు, గడ్డకట్టిన నీటి మీద కాలు పెట్టొద్దు.

ఐదు, ఇంటికి ఒక్క ఫోన్, రోజుకి నాలుగు మెసేజ్‌లు. ఇక్కడ ఒకరు కబురు అందుకుని మిగతావాళ్ళకి చెప్పాలి.

ఈ వీడియో ఇంట్లో పెద్దవాళ్ళకి పంపడంతో ఆగొద్దు, పక్కన కూర్చుని చూపించండి. కుంపటి మాట వచ్చినప్పుడు వాళ్ళు ఎదురు ప్రశ్న అడుగుతారు. కోప్పడకుండా ఇల్లు కట్టిన తీరు నుంచి మొదలుపెట్టి చెప్పండి, వాళ్ళకి అర్థమవుతుంది. మా నాయనమ్మకి అయింది. వచ్చే ఎపిసోడ్‌లో గ్యాస్ గీజర్ ఎక్కడ బిగించాలి, గాలి దారి ఎంత ఉండాలి అన్నది చూద్దాం. అందరికీ పండగ శుభాకాంక్షలు. ఉంటా మరి.